స్లాబు వద్దు, కారు మీద డేరా ముద్దు!

ఇల్లు కట్టుకున్నవాడంత వెర్రివాడు జగిత్యాల జిల్లాలో ఇంకొకడు లేడు. ఈ మాట కోరుట్ల బస్టాండు ముందు నిలబడి గొంతు చించుకుని అనగలను. కానీ అక్కడ సిమెంటు దుకాణం నడిపే ఆయన మాకు దగ్గరి చుట్టం. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మనిషికి కావలసింది ఇల్లు కాదండీ, కారు. ఆ కారు మీద ఒక డేరా! దీన్ని రూఫ్‌టాప్ టెంట్ అంటారు. బండి నెత్తిన ఒక పెట్టె బిగిస్తారు. పెట్టె మూత తీస్తే గుడారం లేచి నిలబడుతుంది. నిచ్చెన వేసుకుని ఎక్కి పడుకోవాలి. పొద్దున దిగి, గుడారం మడిచి, మూత వేసి, బండి తోలుకుని పోవాలి. ఇందులో మేస్త్రీ లేడు, ఇసుక లారీ లేదు, పునాదిలో బండ పడిందన్న గోల లేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. మొదటిసారి ఫ్యాను చూసినప్పుడు మా తాత కూడా నవ్వాడట, ఇంట్లో గాలి ఉండగా దీనికి కరెంటెందుకని.

వాస్తు సంగతి చూడండి. మా పక్కింటాయన మెట్లు ఆగ్నేయంలో ఉన్నాయని ఒక పంతులు చెబితే పడగొట్టించాడు. ఇంకో పంతులు చెబితే మళ్లీ అక్కడే కట్టించాడు. ఇప్పుడు మూడో పంతులు వస్తున్నాడని తెలిసి మేస్త్రీ ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అదే డేరాకు వాస్తు దోషం వచ్చిందనుకోండి, ఏం చేయాలి? స్టీరింగు తిప్పాలి! తూర్పు కావాలంటే తూర్పు, ఉత్తరం కావాలంటే ఉత్తరం. రివర్స్ గేరులో ఈశాన్యం కూడా దొరుకుతుంది.

పక్కింటివాళ్లతో పడదా? బండి తీయండి. కుక్కలు అరుస్తున్నాయా? అరవనీయండి, మీరు పైన ఉన్నారు. చుట్టాలు వచ్చారా? నిచ్చెన పైకి లాగేయండి! మోకాళ్ల నొప్పులున్న మేనత్తలు, బొజ్జ పెరిగిన వియ్యంకులు కింద నిలబడి కాసేపు పలకరించి, వాళ్ల దారిన వాళ్లు పోతారు. చాయ్ ఖర్చు కూడా ఉండదు.

కోతుల మాటేమిటని అడుగుతారు. ధర్మపురికి గోదావరి స్నానానికి పోయినప్పుడు ఒక కోతి నా కళ్లద్దాలు ఎత్తుకుపోయి, పిట్టగోడ మీద కూర్చుని పెట్టుకుని మరీ నన్ను చూసింది. అప్పుడు నేనేమీ డేరాలో లేను. ఇటుక గోడలూ ఇనుప తలుపూ ఉన్న సత్రంలో ఉన్నాను. కాబట్టి ఆ నెపం డేరా మీద వేయకండి.

ఇంత జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా బామ్మర్ది సురేందర్ వల్ల వచ్చింది.

సురేందర్ నా భార్య రేణుకకు తమ్ముడు. ఊరు మేడిపల్లి. మీసం సరిగ్గా రాకముందే గల్ఫుకు పోయాడు. ఎడారిలో టూరిస్టులను తిప్పే ఒక కంపెనీలో డ్రైవరు. వాళ్ల బండ్ల మీద ఈ డేరాలుంటాయి. ఇసుక తిన్నెల మధ్య బండి ఆపి, డేరా తెరిచి, తాళ్లు కట్టి, నిచ్చెన వేసి, 'ప్లీజ్ సార్, ప్లీజ్ మేడమ్' అని తెల్లవాళ్లను పైకి ఎక్కిస్తాడు. తను కింద డ్రైవరు సీటులో ముడుచుకుంటాడు. టూర్లు లేనప్పుడు కంపెనీ వాళ్ల లేబర్ క్యాంపులో ఉంటాడు. మన జిల్లాలో ఇంటికొకరికి ఆ క్యాంపుల సంగతి తెలుసు కనుక వర్ణించను.

"గన్ని డేరాలు ఇప్పిన గని ఒక్కదాంట్ల గూడ పండి చూడలే బావా," అన్నాడు మొన్న సెలవుకు వచ్చినప్పుడు.

"ఎందుకు చూడలే?"

"ఎక్కనియ్యరు. నిచ్చెన వరకే నా డ్యూటీ."

ఈసారి మాత్రం గట్టిగా అనుకుని వచ్చాడు. ఇక తిరిగి పోడట. ఏడు సీట్ల పాత బండి ఒకటి కొన్నాడు. దాని మీద డేరా బిగించి కిరాయికి తిప్పుతాడట. సోమవారం వస్తే వేములవాడలో లాడ్జీలు దొరకవు, రాజన్న గుడికి వచ్చిన భక్తులు ఎక్కడ చోటుంటే అక్కడ చద్దర్లు పరుచుకుంటారు. వాళ్లను తన డేరా ఎక్కిస్తాడట. బేరం కుదిరితే ఊళ్లోనే ఉంటాడు. కుదరకపోతే సెలవు అయిపోగానే శుక్రవారం ఫ్లైటు. కంపెనీ వాళ్లు తిరుగు టికెట్టు ముందే చేతిలో పెట్టి పంపారు.

అంటే సంగతి అర్థమైంది కదా? ఒక మనిషి ఊళ్లో ఉండడం, పోవడం ఒక డేరా మీద ఆధారపడింది!

ఈ సంగతి అందరికంటే బాగా అర్థమైంది సురేందర్ భార్య శ్రీలతకు. ఆమె నాకు వరుసకు చెల్లె. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. కానీ మంచి డేరా ఎంచిపెట్టే బాధ్యత నాదని తెలిసిన రోజు నుంచి నేను మేడిపల్లి పోతే చాలు, నాటుకోడి కూర! అంతకు ముందు పప్పుచారుతో సరిపెట్టేది. డేరాకున్న మహిమ ఏపాటిదో మీరే లెక్కగట్టుకోండి.

సరే, ఎంచడం మొదలుపెట్టాను. ఇంటర్నెట్టులో ఒక కంపెనీ నంబరు పట్టుకుని ఫోను చేశాను. అవతల ఒక అబ్బాయి, గొంతులో తేనె.

"సార్, మీకు హార్డ్ షెల్ కావాలా, సాఫ్ట్ షెల్ కావాలా?"

హార్డ్ షెల్ అంటే గట్టి డొప్ప, తాబేలు లాగ. సాఫ్ట్ షెల్ అంటే మెత్తటి సంచి. ఇంతవరకు నాకు తెలుసు.

"ఏది గట్టిగ ఉంటే అది."

"మీరు ఎక్కువగా ఎక్కడ క్యాంప్ చేస్తారు సార్? హిల్సా, బీచా?"

"వేములవాడ బస్టాండు ఎనుక."

అబ్బాయి వేములవాడ స్పెల్లింగు అడిగి రాసుకున్నాడు. తర్వాత ధర చెప్పాడు. నేను సరిగ్గా విన్నానో లేదో తెలియక ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. ఆ చెవిలో కూడా అదే ధర వచ్చింది.

అయినా వదిలిపెట్టలేదు. ఆ కంపెనీ వాళ్ల కాగితం ప్రింటు తీయించి మేడిపల్లిలో కుటుంబ సభ పెట్టాను. అందరం అరుగు మీద కూర్చున్నాం. నేను ఒక్కొక్క గుణం చదువుతుంటే మా అత్త దుర్గవ్వ తీర్పు చెప్పింది. ఆమె జీవితంలో డేరా కొనలేదు. ఆ మాటకొస్తే గేదెను తప్ప ఏదీ సొంతంగా కొనలేదు. కానీ గేదెను కొన్నవాళ్లకు అన్నీ తెలుస్తాయని ఆమె నమ్మకం.

"వాటర్‌ప్రూఫ్, మూడు వేల మిల్లీమీటర్లు," అని చదివాను.

"మూడు వేల మిల్లీమీటర్ల వాన మేడిపల్లిల ఎన్నడు పడ్డది అల్లుడా? గంత వాన పడితే డేరా గాదు, పడవ కావాలె," అంది.

"ఫోర్ సీజన్. నాలుగు కాలాలకూ పనికొస్తుంది."

"మనకు నాలుగు కాలాలు ఎక్కడియి? ఎండకాలం, బగ్గ ఎండకాలం, పెండ్లిల కాలం. గంతే."

"నలుగురు పడుకోవచ్చు."

"ఏ నలుగురు?"

ఇది మాత్రం చాలా లోతైన ప్రశ్న. ఆ కాగితం మీది ఫోటోలో నలుగురు తెల్లవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కాఫీ తాగుతున్నారు. మన దగ్గర నలుగురు అంటే నలుగురూ, వాళ్ల అవ్వా, ఆమె మందుల సంచీ, పుట్టువెంట్రుకలు తీయించే పిల్లా, ఆ పిల్ల మేనమామా, మొక్కు కోసం తెచ్చిన కోడీ! కాగితం మీద కోడి గురించి ఏమీ రాయలేదు.

చివరికి అత్త అసలు బాంబు వేసింది. "రాజన్న కాడ మొక్కు నిద్ర జేత్తే నేల మీద జేయాలె. బండి మీద పంటే మొక్కు ముట్టదు."

మొక్కుకున్నవాళ్లు వేములవాడలో ఒక రాత్రి దేవుని సన్నిధిలో నిద్ర చేయడం మన వాడుక. వీపు నేలకు తగలాలి. నేలకు ఆరడుగుల ఎత్తున పడుకుంటే ఆ నిద్ర చెల్లుతుందా, చెల్లదా? వ్యాపారం మొత్తం ఈ ఒక్క ముక్క మీద కూలేటట్టు ఉంది. సురేందర్ ముఖం వాడిపోయింది. శ్రీలత గిన్నెలు కడగడం ఆపింది.

నేను ఊరుకుంటానా? "డేరా కింద బండి, బండి కింద టైర్లు, టైర్ల కింద నేల. అంతా ఒకదానికొకటి తగిలే ఉంది కదా అత్తా!" అన్నాను. ఆమె కొంచెం ఆలోచించి, "గదీ నిజమే," అంది. గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. ఇంతటి ధర్మసూక్ష్మం చెప్పినవాడికి ఏ పీఠమైనా పిలిచి శాలువా కప్పాలి. ఎవరూ కప్పలేదు.

కంపెనీ డేరా మన వల్ల కాదని తేలిపోయింది గనుక సిరిసిల్ల పోయాం. అక్కడ దేవదాస్ అని నాకు తెలిసినాయన ఉన్నాడు. పూర్వం మరమగ్గాలు నడిపాడు. ఇక్కడ మగ్గాలు ఆగిపోయినప్పుడు మగ్గాల పనికే మహారాష్ట్రలోని భీవండి పోయాడు. అక్కడ కూడా ఆగిపోతే తిరిగొచ్చాడు. ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకుని టెంట్‌హౌస్ గుడ్డలు, సీట్ల కవర్లు, వడ్ల మీద కప్పే కవర్లు, ఏదంటే అది కుడతాడు. నోరు మాత్రం మగ్గం కంటే పెద్ద చప్పుడు.

"డేరా కుడత. గని బట్ట నేనిచ్చిందే," అన్నాడు.

ఆయన దగ్గర ఒక గది నిండా జెండా గుడ్డ ఉంది. ఎలక్షన్లప్పుడు ఒక అభ్యర్థి జెండాలు, కండువాలు చేయమని ఆర్డరిచ్చాడట. ఓడిపోయాక ముఖం చూపించలేదట.

"గెలిచినోడు ఆ రోజే అచ్చి మొత్తం ఎత్తుకపోయిండు. ఓడినోడు ఫోను గూడ ఎత్తుతలేడు. నేనేం జేయాలె? నా ముగ్గురు మనుమరాండ్లకు లంగలు గూడ దీంతోనే కుట్టిన. బడికి పోతే సార్లు ప్రచారానికి అచ్చిండ్రా అంటుండ్రు," అని లొల్లి పెట్టాడు.

రంగు చెప్పను. ఏ రంగు చెప్పినా ఎవరో ఒకరు నా ఇంటికి వస్తారు. మెరిసిపోయే గుడ్డ అని మాత్రం అనుకోండి. లోపల వడ్ల కవరు, పైన జెండా గుడ్డ, మధ్యలో ఇనుప చట్రం. ధర కూడా మనిషి బతికేటట్టుగా ఉంది.

ఇక కొలతలు. దేవదాస్ టేపు తీయబోయాడు. సురేందర్ ఆపాడు.

"టేపు అక్కర్లేదు. నాకు నోటికొస్తది." అని కళ్లు మూసుకుని గడగడ చెప్పేశాడు. పొడుగింత, వెడల్పింత, ఎత్తింత, ఇక్కడొక కొక్కెం, ఇక్కడొక తాడు, ఇటు ఒక తెర.

"ఎంతమందికి?" అన్నాడు దేవదాస్.

"ఇద్దరికి."

దేవదాస్ నా వైపు చూశాడు. నేను గర్వంగా తల ఊపాను. అనుభవమున్న మనిషి, ఎడారిలో ఇన్ని డేరాలు తెరిచినవాడు, వాడికి తెలియదా! దేవదాస్ ఇంకేమీ అడగకుండా రాసుకున్నాడు.

డేరా తయారైన రోజు నేనూ సురేందర్ పోయి, మడిచినదాన్ని మడిచినట్టే బండి మీద బిగించుకుని బయలుదేరాం. ఎట్లా ఉందో చూద్దామని జెండా గుడ్డ పైకి కనిపించేటట్టు కట్టాం. అదే మా పొరపాటు. వేములవాడ దాటకముందే ఒక ముసలమ్మ బండికి అడ్డం నిలబడింది.

"మళ్ల ఎలక్షన్లు అచ్చినయా కొడుకా? పింఛను ఆగింది, జర చూడు."

చూస్తుండగానే పదిమంది పోగయ్యారు. ఒకాయనకు మురికినీళ్లు పోయే మోరీ కావాలి. ఒకామెకు రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించాలి, ఇంకొకామెకు తీసేయించాలి. ఒకతను చేయి పట్టుకుని, "మా పిలగాడు మస్కట్‌ల ఇరుక్కున్నడు సార్, పాస్‌పోర్టు ఇస్తలేరట," అన్నాడు. సురేందర్ అతనికి అక్కడ ఎవరికి ఫోను చేయాలో, ఏ ఆఫీసుకు పోవాలో నిలబెట్టి చెప్పాడు. మిగిలినవాళ్లందరికీ నేను హామీలిచ్చాను. బండి మీద జెండా కట్టుకున్నవాడు హామీ ఇవ్వక ఇంకేం చేస్తాడు? మోరీ ఇచ్చాను, పింఛను ఇచ్చాను, ఒక బ్రిడ్జి కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. గృహస్థుడిగా ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా చప్పట్లు కొట్టారా? చూశారా మరి డేరా గొప్పతనం!

మేడిపల్లి చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. ఇంటి ముందు బండి ఆపి డేరా లేపడం మొదలుపెట్టాం. మన దగ్గర ఇంటి ముందు టెంటు లేచిందంటే ఊరికే లేవదు. పెళ్లన్నా ఉండాలి, చావన్నా ఉండాలి. పెళ్లి లేదని ఊరందరికీ తెలుసు. పక్కింటి సాంబయ్య మామ భుజం మీద తువ్వాలు వేసుకుని గబగబా వచ్చాడు.

"ఎవలు పోయిండ్రు?"

ఎవరూ పోలేదన్నాం. ఆయన నమ్మలేదు. అరుగు మీదున్న మా అత్తను కిందికీ మీదికీ చూసి, "నువ్వు మంచిగనే ఉన్నవా వదినె?" అని అడిగాడు.

"నీ నోట్ల మన్ను వడ! ఉన్న!" అంది అత్త.

అప్పటికి వాకిలి నిండింది. మా రేణుక కూడా కోరుట్లలో మా ఇంటి నుంచి వచ్చింది. సురేందర్ ముఖం వెలిగిపోతోంది. నిచ్చెన వేశాడు. గుడ్డ తాడు లాగాడు. డేరా ఎదుటి గోడ పైకి చుట్టుకుంది. లోపల అంతా కనిపించింది.

రెండు అరలు. ఒకదాని మీద ఒకటి. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల వెడల్పు. తల దగ్గర ప్లాస్టిక్ సంచి తగిలించుకునే కొక్కెం. కాళ్ల దగ్గర తువ్వాలు ఆరేసుకునే తాడు. ఒక్కొక్క అరకు ఒక్కొక్క తెర. ఫోను ఛార్జింగుకు పెట్టుకునే చిన్న జేబు కూడా కుట్టించాడు.

అది లేబర్ క్యాంపులో అతని మంచం. అంగుళం తేడా లేదు!

"సూడు శ్రీలతా," అన్నాడు మురిసిపోతూ. "కింద నువ్వు, పైన నేను. తెర గుంజుకుంటే ఒకలకొకలు అడ్డం గాదు."

వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. సాంబయ్య మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మా రేణుకైతే నవ్వి నవ్వి బండికి ఆనుకుంది. "ఓరి పిచ్చోడా, పెండ్లాంతోని పండేదానికి నడుమ తెర ఎందుకురా!" అంది.

సురేందర్‌కు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. "ఏమైంది? మంచిగ లేదా?" అని ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు.

నేను డేరా పక్షపాతిని కదా, వెంటనే అందుకున్నాను. రెండు అరల డేరా వల్ల దుప్పటి కోసం కొట్లాట ఉండదు. గురక గోల సగం తగ్గుతుంది. పై అర ఖాళీగా ఉంటే కోడిని పెట్టుకోవచ్చు. భార్యాభర్తలు అలిగితే వేరే గది వెతుక్కోనక్కర లేదు. ఇంకా చెప్పేవాడినే, కానీ శ్రీలత నిచ్చెన ఎక్కుతోంది.

ఎక్కి కింది అరలో పడుకుంది. ఇటు తిరగబోతే మోకాలు ఇనుప గొట్టానికి తగిలింది. అటు తిరగబోతే భుజం బయటికి వచ్చింది. వెల్లకిలా పడుకుని పై అరను చూస్తూ ఉండిపోయింది. వాకిట్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"గిట్లనే పంటవా ఆడ?" అంది.

"అవ్. మంచిగనే ఉంటది. అలవాటైతే ఏం తెల్వది," అన్నాడు.

"ఎన్ని రోజులకు అలవాటైంది?"

సురేందర్ వంగి తాడు ముడి సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. శ్రీలత దిగి వచ్చి, "రేపు సిరిసిల్ల పోదాం. కొలత నేనిత్త," అని వంటింట్లోకి పోయింది. ఆ పూట కోడి కూర లేదు. పప్పుచారు కూడా లేదు.

మర్నాడు ముగ్గురం సిరిసిల్ల పోయాం. మమ్మల్ని చూడగానే దేవదాస్ మిషను మీంచి లేచి చేతులెత్తాడు. "నా తప్పు లేదు. కొలత నాది గాదు. నేను అడుగుదామనుకున్న. గీ సారు తల ఊపిండు," అని నా వైపు వేలు చూపించాడు.

శ్రీలత అతని మాట వినిపించుకోలేదు. దుకాణం మధ్య నిలబడి రెండు చేతులూ బార్లా చాపింది.

"గింత వెడల్పు కావాలె."

"గంత వెడల్పు బండి మీద పట్టది చెల్లె. దేనికన్న తాకి చినుగుతది."

"అయితే బండి మీద వద్దు."

"బండి మీద వద్దంటే ఎక్కడ ఏత్తవ్? ఇంట్లనా?" అన్నాడు దేవదాస్. "ఇంట్ల డేరా ఎందుకు? మంచం లేదా?"

"ఉన్నది. ఈయన పంపిన పైసలతోనే చేపిచ్చిన. టేకుది. గీ దుకాణమంత ఉంటది," అంది శ్రీలత. "ఒక పక్కకు నేను పంట. ఇంకో పక్కకు ఉతికిన బట్టలు మడతపెట్టి ఏత్త. ఆ పక్క బట్టలకే అలవాటైంది."

దేవదాస్ నోరు మూతపడింది. ఆ దుకాణంలో అది ఎప్పుడూ జరగలేదట. టేపు చుట్టుకుంటూ, "నేను భీవండిల ఉన్నప్పుడు మా ఇంటిది ఉల్లిగడ్డలు పోసేది," అన్నాడు మెల్లగా. "తిరిగొచ్చినంక గూడ నెల రోజులు వాసన పోలే."

"బట్టలు తీసేయరాదా?" అన్నాడు సురేందర్. అప్పటిదాకా అతను తల ఎత్తలేదు.

"తీసి ఏడ వెట్టాలె? నువ్వు పోయినంక మళ్ల ఆడనే పెట్టుడు గదా," అంది.

డేరాల గురించి ఇంత రాసినవాడిని, నేను మాత్రం అక్కడున్న జెండా గుడ్డ ముక్క అందుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను. జెండా గుడ్డతో తుడిస్తే అద్దాలు శుభ్రం కావు, ఆ సంగతి కూడా తెలిసింది.

చదువుతున్నవారికి మనవి. కారు మీద డేరాలకు నేను ఇప్పటికీ వ్యతిరేకిని కాను. హార్డ్ షెల్ కావాలన్నా, సాఫ్ట్ షెల్ కావాలన్నా వచ్చి నన్నడగండి, చెబుతాను. కొలతలు మాత్రం ఇంట్లో ఆడమనిషితో ఇప్పించండి. గల్ఫు నుంచి వచ్చినవాడిని అడగకండి, అతనికి ఒక్క కొలతే వచ్చు.

మనిషి పడుకోవడానికి మన దగ్గర చోటు లేదని ఎవరన్నారు? మేడిపల్లిలో ఉంది, కోరుట్లలో ఉంది, సిరిసిల్లలో ఉంది. ఇంటింటా టేకు మంచం ఉంది, సగం ఖాళీగా ఉంది! లేనిది ఆ మంచం మీద మనిషిని ఉంచేటట్టు ఊళ్లోనే నాలుగు డబ్బులొచ్చే పని. అది అమ్మే కంపెనీ ఏదైనా ఉంటే నంబరు చెప్పండి, ఫోను నేనే చేస్తాను. హార్డ్ షెల్ అయినా సరే, సాఫ్ట్ షెల్ అయినా సరే, మోయగలిగిన ధర అయితే చాలు. వెతకాల్సిన పెద్దలు ఎవరో వాళ్లకు తెలుసు. ఎలక్షన్లప్పుడు మా వాకిట్లోకి వచ్చి కొలతలన్నీ తీసుకుని పోయినవాళ్లే.

ఆ రెండు అరల డేరాతోనే బేరం ఒక్క సోమవారం నడిచింది. ఎక్కినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. అర చాలా బాగుందని మెచ్చుకున్నారు. ఇద్దరూ దోహాలో చేస్తారట, సెలవు మీద వచ్చారు. రెండో సోమవారం ఎవరూ రాలేదు.

సురేందర్ ఫ్లైటు రేపు. టికెట్టు గోడ మీద దేవుని పటం వెనక ఉంది. పోతానని అనడు, పోనని కూడా అనడు. శ్రీలత పొద్దుటే బట్టలన్నీ ఉతికి ఆరేసింది. మధ్యాహ్నానికే ఆరిపోయాయి. తీసి మడతపెట్టమని మా అత్త రెండుసార్లు చెప్పింది, రేణుక చెప్పింది, చివరికి నేను కూడా చెప్పి చూశాను. తీగ మీంచి ఒక్క గుడ్డ తీయడం లేదు.